బ్రేకు మాస్టారి కుడి మడమ

నొక్కింది. దిగలేదు. మోకాళ్ళ మీద లేచి, రెండు చేతులూ ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా మోపి మళ్ళీ నొక్కింది. ఊహూఁ, చిటికెన వేలి మందం కూడా కుంగలేదు. ఇదేం చోద్యం, సైకిలు ఫోర్కు రెండేళ్ళు గోడకి వేలాడినంత మాత్రాన ఇంతలా బిగుసుకుపోతుందా, అనుకుంటూ సామాన్ల గదిలో పరిచిన పాత దుప్పటి మీద చతికిలబడింది. కొండ దిగే సైకిలుకి ముందు చక్రాన్ని పట్టుకునే రెండు లావుపాటి గొట్టాల్ని ఫోర్కు అంటారు, అందులో ఒకదాని లోపల మూరెడు స్ప్రింగు ఉంటుంది, రాయి తగిలినా గుంట తగిలినా ఆ దెబ్బని అదే మింగేస్తుంది. ఆమె ఎక్కితే చాలు, రా కూర్చో అన్నట్టు అది కాస్త కిందికి దిగేది. సొంత ఇంటి మెట్టు ఎత్తు కాళ్ళకి తెలిసినట్టు ఆ దిగడం ఆమె అరిచేతులకి తెలుసు. ఇప్పుడు చూస్తే ఎవరో పరాయివాళ్ళ తలుపు నెట్టినట్టుంది. నాలుగింటికల్లా కొనేవాడు వస్తానన్నాడు. ఫోన్లో బేరం కూడా ఆడలేదు పాపం, ఫ్రేమూ ఫోర్కూ రెండూ ఒకే సైకిలువేనా, పగుళ్ళేమీ లేవుగా, అని మాత్రం అడిగాడు. లేవండీ, రెండేళ్ళుగా దాన్ని ఎవరూ తొక్కలేదండీ, అని ఈ నోటితోనే చెప్పింది.

తుప్పు పట్టి ఉంటుంది, అంతే. తుప్పైతే విప్పి, తుడిచి, చుక్క నూనె వేస్తే సరి. అంతకంటే సన్నటి పనులు రోజూ చేసే చేతులే ఇవి, పళ్ళ ల్యాబులో మైనంతో, సుద్ద అచ్చులతో, ఎవరెవరి నోళ్ళకో కట్టుడు పళ్ళు చేసే చేతులు, వెంట్రుక వాసి తేడా ఉన్నా వేలికొస ఊరుకోదు. పానా పెట్టి గొట్టం పైమూత తిప్పింది, మూత అసలు మొరాయించలేదు, నిన్ననో మొన్ననో ఎవరో తిప్పినంత సులువుగా వచ్చేసింది. లోపలి స్ప్రింగు నూనె కారుతూ పైకి లేచింది. తుప్పు లేదు, తళతళలాడుతోంది. కానీ నల్లగా ఉంది. నల్లగా ఎందుకుంది? ఆమెది పసుపు కదా. ఈ స్ప్రింగులకి రంగులుంటాయి, ఎక్కే మనిషి బరువుని బట్టి. సన్నగా ఉంటే పసుపు, ఒక మోస్తరు వాళ్ళకి ఎరుపు, బొద్దుగా ఉన్నవాళ్ళకి నలుపు. కొన్న రోజున సైకిలు షాపతను ఆమెని పార్సిళ్ళు తూచే కాటా మీద నిలబెట్టి, ‘అక్కా, మీకు పసుపే, ఇంకో ముద్ద ఎక్కువ తింటే అప్పుడు చూద్దాం’ అని నవ్వాడు. వీడి దుంప తెగ, వాడి పనే అయ్యుంటుంది. రెండేళ్ళ కిందట ఆమె కొండ మీద పడ్డాక, చక్రాలు వంకర్లు పోయి, హ్యాండిలు విరిగి, వాటన్నిటినీ పారేస్తే మిగిలిన ఫ్రేమునీ ఫోర్కునీ ఆ షాపులోనే కదా చూపించింది. మంచి పసుపు స్ప్రింగు నొక్కేసి, ఎవరికో పనికిరాని నల్లది తగిలించి ఉంటాడు. అందుకేనేమో ఈ మధ్య షాపు ముందునుంచి వెళ్తుంటే టైర్ల గుట్టలో తల దూర్చేస్తున్నాడు. అక్కా అక్కా అంటూనే ఎంత పని చేశాడు! రేపు పొద్దున వెళ్ళి నలుగురి ముందూ కడిగేస్తాను, అనుకుంది, కడిగెయ్యడానికి మాటలు కూడా ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ కోపంలోనే గుడ్డ అందుకుని ఫ్రేము తుడుస్తోంది. ఎర్ర రంగు, ఎండ పడితే నారింజలా కనబడేది. మెడ దగ్గర పగులు లేదు, కీళ్ళ దగ్గర లేదు, దుమ్ము కూడా లేదు, పాపం ఆయనే అప్పుడప్పుడూ తుడుస్తూ ఉంటారు కాబోలు, నాకు చెప్పకుండా, నా బాధ చూడలేక. గుడ్డ వెనకవైపుకి వెళ్ళింది, వెనక చక్రాన్ని పట్టుకునే కుడివైపు కడ్డీ మీదికి, అక్కడ ఆగింది. వేలికొస ఆగింది అనాలి. రంగు లేదు. బొటనవేలంత మేర రంగు అరిగిపోయి లోపలి లోహం తెల్లగా మెరుస్తోంది. రాయి కొట్టిందా? రాయి కొడితే గుంట పడుతుంది, ఇది గుంట కాదు, అరుగుదల, మళ్ళీ మళ్ళీ ఒకే చోట రాసుకుంటే వచ్చే నునుపు. ఎడమవైపు తిప్పి చూసింది. ఏమీ లేదు, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. కుడివైపే. తొక్కేవాళ్ళ పాదం బయటికి తిరిగి ఉంటే మడమ లోపలికి వచ్చి ఆ కడ్డీకి రాసుకుంటుంది, అది ఆమెకి తెలుసు. కానీ ఆమె పాదాలు బయటికి తిరగవు, కాస్త లోపలికే తిరుగుతాయి, సైకిలు క్లబ్బులో పిల్లలు అందుకే ఆమెని పావురం అనేవారు. ఆమె మడమ కాదు. మరి ఎవరి మడమ? కుడి కాలు ఒక్కటీ పక్కకి పెట్టే మనిషి ఎవరు? గుడ్డ చేతిలోంచి జారింది. ఆ మనిషి ఎవరో కడ్డీకి తెలిసినంత బాగా ఆమెకీ తెలుసు, పెళ్ళయిన నాటినుంచీ ఆ కాలితోనే కాపురం చేస్తోంది.

ఆయన డ్రైవింగు స్కూల్లో మాస్టారు. నేర్పే కార్లో మాస్టారి సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు ఏ చెట్టుకో గుద్దకుండా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడి కాలు పక్కకి తిప్పి ఆ బ్రేకు మీదే గాల్లో ఆనించీ ఆనించకుండా పెట్టుకుని కూర్చునే మనిషికి, ఆ కాలు ఇక అలాగే ఉండిపోయింది. భోజనాల బల్ల కింద తొక్కుతారు, సినిమా హాల్లో తొక్కుతారు, టీవీలో ఎవరైనా రోడ్డు దాటుతుంటే తొక్కుతారు. పెళ్ళైన కొత్తలో పక్కలో కాలి తన్నుకి ఉలిక్కిపడి లేస్తే నిద్రలోనే, ‘లారీ వచ్చింది’ అన్నారు. ఊళ్ళో అందరికీ ఆయన బ్రేకు మాస్టారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు, మరుగుతున్న టీ కూడా మంట తగ్గించి తగ్గించి దించుతారు. అటువంటి మనిషా? ఛ. ఛఛ. నవ్వొచ్చింది ఆమెకి, పైకే నవ్వింది, ఆ నవ్వు సగంలో ఉండగానే పోయిన వర్షాకాలంలో ఆయన కుడి బూటు మడమకి అంటిన ఎర్ర రంగు గుర్తొచ్చింది. ఫుట్‌పాత్ అంచులకి రంగు వేస్తున్నారు, రాసుకున్నాను, అన్నారాయన. ఫుట్‌పాత్‌లకి ఎర్ర రంగు ఎవరు వేస్తారు? కిరసనాయిలుతో రుద్ది రుద్ది ఆ మరక తనే వదలగొట్టింది, ఈ సైకిలు రంగుని, ఈ చేతులతో.

ఆయనా! శనివారాలు. ఆమెకి శనివారం మధ్యాహ్నం దాకా ల్యాబు ఉంటుంది, ఆయనకి ఏడాదిగా శనివారం పొద్దున్నే ఘాట్ రోడ్డు బ్యాచ్ అట, కొండదారిలో కారు నడపడం నేర్పాలట. పాపం సెలవు రోజు కూడా కష్టపడుతున్నారు అని ఆమె ముందే లేచి ఫ్లాస్కులో టీ పోసిచ్చేది. మోచెయ్యి దోక్కుపోయి వచ్చిన శనివారం, స్టూడెంటు డోరు వేసేశాడన్నారు, డోరు వేస్తే చెయ్యి నలుగుతుంది గానీ దోక్కుపోతుందా, అప్పుడెందుకు తోచలేదు? నడుముకి బామ్ రాయమన్న సాయంత్రాలు. స్నానాల గదిలో కూనిరాగాలు. రెండోసారి అడిగి మరీ వడ్డించుకోవడాలు. అంటే ఆమె ల్యాబులో ఎవరి దవడకో అచ్చు తీస్తూ కూర్చున్నప్పుడు, ఈయనగారు కొక్కేనికున్న ఫ్రేము దించి, కారు డిక్కీలో వేసుకుని, ఎక్కడో దాచిన చక్రాలు, బ్రేకులు బిగించుకుని, కొండ దిగి, మళ్ళీ అన్నీ విప్పి, తుడిచి, ఏమీ ఎరగనట్టు తెచ్చి అదే కొక్కేనికి తగిలించి, నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుతూ కూర్చునేవారన్నమాట. అందుకే దుమ్ము లేదు. షాపతను కూడా ఇందులో కలిశాడన్నమాట, ఆయన్నీ కాటా ఎక్కించి ఉంటాడు, ‘మాస్టారూ, మీకు నలుపే’ అని ఉంటాడు. పనిముట్ల డబ్బా లాగి అడుగుదాకా చెయ్యి పెట్టింది. ఉంది. జేబురుమాల్లో చుట్టి, ఆయన మడతే, నాలుగు మడతలు వేసి అంచు లోపలికి దోపే మడత. విప్పితే పసుపు స్ప్రింగు, నూనె రాసి, భద్రంగా, పసిపిల్లని చుట్టినట్టు.

నంగనాచి! ఆసుపత్రిలో భుజానికి కట్టుతో పడుకుని ఉంటే మంచం పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది ఈయనే కదా. ‘నీకేమైనా అయితే నేనేమైపోవాలి, మాటియ్యి, ఇంకెప్పుడూ ఆ కొండెక్కనని మాటియ్యి’ అని. అంతకుముందు ఆయన ఏడవడం ఆమె చూడలేదు. ఇచ్చేసింది మాట. ఇచ్చేటప్పుడు ఏమిస్తోందో తెలిసే ఇచ్చింది. పైన నిలబడి మొదటి దిగుడులోకి చక్రం వదిలే ముందు గొంతు ఎండిపోయి, దిగుడులో పడ్డాక ఇక భయమే లేకుండా పోయి, కళ్ళు పది బారలు ముందు పరిగెడుతుంటే ఒళ్ళు వాటి వెనకాల వచ్చేది, తల లోపల ఎవరూ మాట్లాడేవారు కాదు, చేయాల్సిన పని, చెప్పాల్సిన జవాబు, ఏదీ ఉండేది కాదు. ఆ నిశ్శబ్దం ఇంకెక్కడా దొరకలేదు ఆమెకి, రెండేళ్ళుగా వెతికినా. కిటికీ కింద ఎవరైనా సైకిలు వదిలి జారుకుంటూ వెళ్తే ఆ గిరగిర చప్పుడుకి చేతిలో మైనం చల్లారిపోయేది. అయినా ఒక్కసారి కూడా మాట తప్పలేదు. ఈ గది తలుపు తీసినప్పుడల్లా ఆయన మొహం పాలిపోవడం చూసి, పాపం నేను మళ్ళీ ఎక్కుతానేమోనని భయం, ఈ వస్తువు ఇంట్లో ఉన్నంత కాలం ఆయనకి మనశ్శాంతి లేదు అని, ఆయన కోసం, అచ్చంగా ఆయన కోసమే అమ్మకానికి పెట్టింది. ఆ మొహం భయపడ్డవాడిది కాదు, తేలు కుట్టిన దొంగది! అమ్మేస్తానని చెప్పినప్పుడు చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. ‘నీ ఇష్టం’ అన్నారు. అబ్బ, నా దుఃఖానికి ఎంత బాధపడుతున్నారో అని ఆ పూట ఆయనకి ఇష్టమైన కూర చేసింది.

నా కొండ నా దగ్గర్నుంచి తీసుకుని తను దాచుకున్నాడు. ఏకవచనంలో అనుకుంది, మొదటిసారి, అనుకుని తనే తుళ్ళిపడింది. ఇక ఊరుకునేది లేదు. ఈరోజు అంతా చెప్పేస్తుంది, ఆ మూడో మలుపు సంగతి కూడా, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా కడుపులో పెట్టుకున్నది కూడా. ఆమె తడి వేరు మీద జారి పడలేదు. అది అందరికీ చెప్పిన మాట, డాక్టరుకి, క్లబ్బు వాళ్ళకి, ముందుగా ఆయనకి. ఆయన ఎన్నడూ చూడ్డానికి వచ్చేవారు కాదు, ఆ ఒక్క రోజే వచ్చారు, మూడో మలుపు బండల దగ్గర, చూసేవాళ్ళు దారిలోకి రాకుండా కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డారు. ఆమె బాగానే వస్తోంది, ఎంత బాగా అంటే ఆ మలుపు తనకోసమే చెక్కినట్టుంది, ఆయన్ని చూసింది, చూసి నవ్వబోయింది కూడా, అప్పుడు అరిచారు ఆయన. ‘బ్రేకు!’ అని. ఆమె కారు నేర్చుకున్నది ఆయన దగ్గరే, ఒకరికొకరు పరిచయమైందే ఆ పక్క పక్క సీట్లలో; ఆ గొంతు వినబడితే చాలు, ఆమెని అడక్కుండానే ఆమె ఒళ్ళు బ్రేకు నొక్కేలా తయారుచేసింది ఆయనే. వేళ్ళు ఆ మాట విన్నాయి. ముందు చక్రం నిలిచిపోయింది, ఆమె నిలవలేదు. కళ్ళు తెరిచేసరికి ఆయన మొహం కనబడింది, ఆ మొహం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. వేరు, అంది. తడి వేరు. ఆ అబద్ధాన్ని అప్పటినుంచీ ఒక్కతే మోస్తోంది, భుజం ఎముక అతుక్కుంది గానీ అది మాత్రం అలాగే ఉంది.

గంట మోగింది. ఉలిక్కిపడి లేచింది. కొనేవాడు, చేతిలో ఎంత పెద్ద ఖాళీ సంచీ అంటే ఆమె కూడా పట్టేలా ఉంది. అతన్ని లోపలికి తీసుకొచ్చింది, ఏం చేస్తోందో తనకే తెలియడం లేదు. అతను దుప్పటి పక్కన గొంతుక్కూర్చుని ఫ్రేము ఎత్తి, తిప్పి, వెలుతురులో పెట్టి చూశాడు. కుడివైపు కడ్డీ దగ్గర అతని వేలూ ఆగింది.

‘తొక్కేది మీరు కాదు కదండీ?’

‘కాదు. మావారు.’

అనేసింది. ఆ మాట గదిలో నిలబడిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు ఆమెకి.

‘రెండేళ్ళుగా ఎవరూ తొక్కలేదన్నారు ఫోన్లో. ఈ అరుగుదల కొత్తదండీ.’

‘అవునండీ. నాకూ ఇప్పుడే తెలిసింది.’

అతను తలెత్తి ఆమె మొహం చూశాడు, చేతిలో పట్టుకున్న పసుపు స్ప్రింగు చూశాడు, జేబురుమాలు చూశాడు. పెళ్ళైన మనిషే అయ్యుంటాడు, ఇంకేమీ అడగలేదు. ‘అమ్ముతున్నారా, లేదా?’ అన్నాడు.

‘అమ్మడం లేదండీ. ఏమీ అనుకోకండి.’

‘అనుకోక ఏం చేస్తానండీ, రెండు బస్సులు మారి వచ్చాను’ అని గొణుక్కుంటూ సంచీ మడత పెట్టుకున్నాడు. మంచినీళ్ళు ఇచ్చింది. తాగి వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ వచ్చి దుప్పటి మీద కూర్చుంది, ఒక పక్క నల్లది, ఒక పక్క పసుపుది పెట్టుకుని. ఎండ కిటికీ ఊచల మీంచి గోడ దాకా జరిగింది. ఎన్ని మాటలు పేర్చుకుందో, ఒకదాని కంటే ఒకటి కారంగా, ‘మీకు సిగ్గనిపించలేదా’ అన్న దగ్గర మొదలుపెట్టి ఎక్కడెక్కడికో. కింద గేటు చప్పుడైంది, మెట్ల మీద ఆయన అడుగులు, ఎడమది తిన్నగా, కుడిది ఈడుస్తూ, గోడ పట్టుకుని.

‘అమ్మేశావా?’ అంటూ గుమ్మంలోకి వచ్చారు. ఫ్రేము చూశారు. రెండు స్ప్రింగులూ చూశారు. కుడి కాలు గచ్చుని తొక్కింది, గట్టిగా, ఆగే వీలు లేని బండి ముందు తొక్కినట్టు. చేతిలో సంచీ కింద పెట్టి ఆ గుమ్మంలోనే మెల్లిగా కూలబడ్డారు. ఆమె నోరు తెరిచింది. పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు, వచ్చింది ఇది:

‘ఆ మూడో మలుపు దగ్గర బ్రేకు నొక్కుతున్నారా?’

‘నొక్కుతున్నాను’ అన్నారాయన.

‘అసలెందుకు వెళ్ళారు?’

‘వేరు కోసం. తడి వేరు మీద జారానన్నావుగా. రోజూ ఎవరో ఒకరు దిగుతూనే ఉంటారు, ఇంకొకరు పడకుండా ఆ వేరు కొట్టించేద్దామని వెళ్ళాను. అక్కడ అన్నీ బండలే. ఆ మలుపులో చెట్టే లేదు.’

ఆమె నల్ల స్ప్రింగు చేతిలోకి తీసుకుంది.

‘చెట్టు లేకుండా వేరెక్కడిది అని రోజుల తరబడి ఆలోచించాను. అడుగుదామంటే ధైర్యం లేదు. ఒకసారి దిగి చూస్తే తెలుస్తుందనుకున్నాను. కిందనుంచి నేర్చుకుంటూ, నేర్చుకుంటూ ఆ మలుపు దాకా వచ్చాను. బ్రేకు పట్టాను. ముందుకి ఎగిరిపడ్డాను, నువ్వెలా పడ్డావో అలాగే.’ మోచెయ్యి పట్టుకున్నారు, ఇప్పుడే తగిలినట్టు. ‘అప్పుడు నా అరుపు నాకే వినబడింది.’

తెలుసా! ఏడాదిగా తెలుసా! ఆమె దాచిందనుకున్నది, ఆయన మొహం చూసి దాచుకున్నది, ఆయన ప్రతి శనివారం వెళ్ళి చూసుకుని వస్తున్నారా? ఫ్రేము పట్టుకుంది. ‘చెప్పొచ్చుగా’ అంది.

‘నువ్వు చెప్పావా?’ అన్నారు, కోపంగా కాదు. ‘బ్రేకు పట్టకుండా ఒక్కసారి దాటితే, అప్పుడొచ్చి చెబుదామనుకున్నాను. చెప్పి, నీ మాట నీకు తిరిగి ఇచ్చేద్దామని. దాటలేకపోతున్నాను. నువ్వు అమ్ముతానన్నావు. ఆపడానికి నాకేం హక్కుంది?’

ఏడుపొచ్చింది ఆమెకి, బాగా వచ్చింది, దాచుకోలేదు. ఏడుస్తూనే పసుపు స్ప్రింగు తీసి గొట్టంలోకి దించింది, అది తన చోటు గుర్తుపట్టినట్టు జారిపోయింది. మూత పెట్టి పానా అందుకుంది.

‘చక్రాలు ఎక్కడ దాచారు?’

‘స్కూలు గ్యారేజీలో, పాత టైర్ల వెనకాల.’

‘ఈ శనివారం బయటికి తీయండి. నేను ల్యాబుకి సెలవు పెడతాను. ముందు నేను దిగుతాను. మీరు వెళ్ళి ఆ మూడో మలుపు దగ్గర, ఆ రోజు నిలబడ్డ చోటే నిలబడండి.’

‘నిలబడి?’

‘నోరు మూసుకుని నిలబడండి.’

మాస్టారు తలూపారు. కుడి కాలు మాత్రం గచ్చుని గట్టిగా తొక్కిపట్టే ఉంది.